గోదావరి తేమలో ఏ తుపాకి నమ్మదగినది?

ప్రశ్న: మా తాతగారి జోడుగొట్టాల 12 బోర్ తుపాకి లైసెన్సు ఇప్పుడు నా పేరుకు మారింది. ఇల్లు కొబ్బరితోట మధ్యలో ఉండడంతో రక్షణ కోసం ఉంచుకున్నాం. గొట్టం కింది పిడిని వెనక్కి ముందుకు లాగి తూటా ఎక్కించే పంప్ యాక్షన్ తుపాకి ముందు ఇది దిగదుడుపేనని మా బావగారూ, దీన్ని మించినది లేదని మా బాబాయిగారూ పండగకు కలిసినప్పుడల్లా వాదించుకుంటారు. అయితే క్లబ్బు రేంజిలో పరీక్షించినప్పుడు, ముఖ్యంగా వానాకాలంలో, ఒక్కోసారి ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలడం లేదు. పేలితే ఖాళీ తూటా సులువుగా బయటికి రావడం లేదు. మా బావగారి మాటే నిజమనుకోవాలా?
— ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: మీ ఇంట్లో ఇద్దరూ తుపాకి గురించి వాదించుకుంటున్నారు కాని, మీరు చెప్పిన రెండు లక్షణాలను బట్టి చూస్తే ముందుగా అనుమానించవలసినవి తూటాలు, ఆ తరువాత మీరు వాడే నూనె.

యంత్రం సంగతి మొదట చూద్దాం. జోడుగొట్టాల తుపాకిలో తూటాలు నిలవ ఉండే మేగజైన్ నుంచి తూటాను పైకి లేపి, అది పేలే గది అయిన చాంబర్‌లోకి తోసే భాగమే లేదు. ఆ పని మన చెయ్యే చేస్తుంది. రెండు గొట్టాలకూ వేరువేరు సుత్తి, వేరువేరు స్ప్రింగు, తూటా అడుగున పొడిచే వేరువేరు ఫైరింగ్ పిన్ ఉంటాయి కనుక ఒకటి మొరాయించినా రెండోది మిగులుతుంది. ఇంగ్లండులో 1875లో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు పేటెంటు పొందిన అమరికనే ఈనాటికీ ప్రపంచమంతటా ఎందరో తయారీదారులు అనుసరిస్తున్నారంటే, దానిలో మార్చవలసినది పెద్దగా కనిపించకపోవడమే కారణం. పంప్ యాక్షన్ కూడా చెడ్డది కాదు. అందులో ఖాళీ తూటాను తీసి కొత్తదాన్ని ఎక్కించేది చేతి బలమే కాబట్టి, మందు బలహీనంగా ఉన్న తూటాలతో ఆటోమేటిక్ తుపాకిలా అది ఆగిపోదు. అయితే కంగారులో పిడిని పూర్తిగా వెనక్కి లాగకుండానే ముందుకు తోస్తే తూటా మధ్యలో ఇరుక్కుంటుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు తప్ప తుపాకి పట్టనివారికి ఈ పొరపాటు జరిగే అవకాశమే ఎక్కువ.

ఇక తూటాల విషయం. తాతగారి నాటి పెట్టెలో మిగిలిన అట్ట తూటాలను మీరు ఇంకా వాడుతున్నట్లయితే మానివేయండి. అట్ట తేమను పీల్చి ఉబ్బుతుంది. ఉబ్బినది చాంబర్‌లోకి బలవంతాన వెళ్తుంది, పేలిన తరువాత గోడలకు పట్టుకొని, దాన్ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్‌కు లొంగదు. ప్లాస్టిక్ తూటాలకు ఈ బాధ లేదు కాని, వాటి ఇత్తడి అడుగున పచ్చని చిలుము కనిపిస్తే వాటినీ పక్కన పెట్టవలసిందే. ట్రిగ్గర్ నొక్కినా పేలని తూటాను వెంటనే బయటికి తీయకూడదు. గొట్టాన్ని సురక్షితమైన దిక్కుకే ఉంచి, కనీసం అర నిమిషం ఆగిన తరువాతనే తెరవాలి. ఆలస్యంగా పేలే తూటాలు అరుదు కాని లేకపోలేదు.

నూనె సంగతి మీరు రాయలేదు గాని, కోనసీమ ఇళ్లలో కత్తిపీట మొదలు కుట్టుమిషను దాకా అన్నిటికీ కొబ్బరినూనే రాయడం పరిపాటి కనుక అడుగుతున్నాను. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. పుష్యమాసపు తెల్లవారుజామున మీ వంటింటి సీసాలో తెల్లగా పేరుకున్న ఆ నూనే తుపాకి లోపలి సుత్తి చుట్టూ, ఫైరింగ్ పిన్ రంధ్రంలోనూ పేరుకుంటే, దెబ్బలో జోరు తగ్గి, తూటా అడుగున మందును రాజేసే ప్రైమర్ మీద చిన్న గుంట మాత్రమే పడుతుంది. వేసవిలో గడ్డకట్టకపోయినా, గాలి తగిలిన కొద్దీ పాతబడి దుమ్ముతో కలిసి జిగురుగా మారుతుంది. పేలని తూటా అడుగున గుంట లోతుగా ఉంటే తప్పు తూటాది; లోతు లేకుండా ఉంటే నూనెదో, అలసిన స్ప్రింగుదో. ఈ ఒక్క పరిశీలనతో మీ ఇంటి వాదన చాలావరకు తేలిపోతుంది. తుపాకుల కోసమే తయారైన ఖనిజ నూనెను పలుచగా, గుడ్డతో తుడిచినట్టుగా మాత్రమే రాయండి. తుపాకిని గొట్టం పైకి ఉండేలా నిలబెడితే నూనె క్రమంగా యంత్రంలోకీ, అక్కడినుంచి చెక్కలోకీ దిగి చెక్కను మెత్తబరుస్తుంది. అందుకే పాతతరం వారు మూతిని కిందికి ఉంచి నిలబెట్టేవారు.

అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక మరొకటి ఉంది. పాత ఇంగ్లీషు తుపాకులలో చాలావాటి చాంబర్ 65 మిల్లీమీటర్లది. ఇప్పుడు సాధారణంగా దొరికేవి 70 మిల్లీమీటర్ల తూటాలు. ఈ కొలత పేలిన తరువాత విచ్చుకున్న తూటాది కాబట్టి, పేలని తూటా పొట్టిగా ఉండి 65 చాంబర్‌లోనూ హాయిగా అమరుతుంది. ‘పట్టింది కదా’ అనుకొని కాలిస్తే దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక గొట్టంలో ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. లైసెన్సున్న తుపాకి మరమ్మతుదారుకు చూపించి చాంబర్ కొలిపించండి. గొట్టం మీద పాము పొలుసుల వంటి చారలు కనిపిస్తే అది ఇనుము, ఉక్కు పట్టీలను మెలితిప్పి అతికి చేసిన పాతకాలపు డమాస్కస్ గొట్టం. దానిలో ఈనాటి తూటాలు వాడనే వద్దు. ఈ పరీక్షలన్నిటికీ నిలబడితే నా ఓటు మీ బాబాయిగారికే.

ప్రశ్న: రొయ్యల చెరువుల లావాదేవీల వల్ల రాత్రివేళ డబ్బుతో తిరగవలసి వస్తుంది. లైసెన్సు మంజూరైంది. రివాల్వరా, పిస్తోలా? మిత్రులు రెండు పక్షాలుగా చీలిపోయారు.
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: నెలనెలా రేంజికి వెళ్లి అభ్యాసం చేసే ఓపిక మీకు ఉంటే పిస్తోలు, లేకపోతే రివాల్వర్. రివాల్వర్‌లో ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, తూటాలుండే చక్రం తిరిగి దాని పక్క గదిలోని తూటా వచ్చి నిలుస్తుంది. పిస్తోలులో అదే జరిగితే పైన జారే భాగమైన స్లైడును లాగి ఆ తూటాను బయటికి పంపాలి; అలవాటున్న చేతికి అది క్షణాల పని, అలవాటు లేనివారికి ఆ క్షణంలో గుర్తురాని పని. అయితే రివాల్వర్ అసలు చెడిపోదనే మీ మిత్రుల మాటను నేను ఒప్పుకోను. ఖాళీ తూటాలను నెట్టే నక్షత్రాకారపు భాగం కింద చిన్న మసి పలుకు చేరినా చక్రం తిరగక బిగుసుకుపోవచ్చు, అది అక్కడికక్కడ బాగుపడేది కాదు.

మన దేశంలో 9 మిల్లీమీటర్ల పిస్తోలు పౌరులకు నిషిద్ధం కనుక ఎంపిక ఎక్కువగా .32 (గొట్టం వ్యాసాన్ని అంగుళాల్లో చెప్పే కొలత) దగ్గరే ఆగుతుంది. రెంటినీ .32 అనే పిలుస్తారు గాని, రివాల్వర్ తూటా వేరు, పిస్తోలు తూటా వేరు. ఒకదానికి బదులు మరొకటి పనికిరాదు. కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం 2014లో టైటానియం మిశ్రమంతో ‘నిర్భీక్’ అనే తేలికపాటి రివాల్వర్‌ను తెచ్చింది. చెరువు గట్ల ఉప్పుగాలికి టైటానియం తుప్పు పట్టదన్నది నిజమే కాని, లోపలి స్ప్రింగులు ఉక్కువే. నడుముకు కట్టుకున్న తుపాకికి గాలికన్నా ఒంటి చెమటే పెద్ద శత్రువు. ఇంటికి రాగానే తోలు ఒరలోంచి తీసి తుడవండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది.

ప్రశ్న: ఏకే-47 ఎప్పుడూ ఆగదనీ, అమెరికా రైఫిల్ ఎం-16 వియత్నాంలో సైనికుల ప్రాణాలు తీసిందనీ మా స్నేహితుడు అంటాడు. ఇందులో నిజమెంత?
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: రెండో మాటలో నిజముంది కాని కారణం తుపాకి రూపకల్పన ఒక్కటే కాదు. 1960ల మధ్యలో ఎం-16ను సైనికులకు ఇచ్చినప్పుడు, రూపకల్పన సమయంలో వాడిన మందుకు బదులు మరో రకం మందుతో తూటాలు తయారయ్యాయి. దానితో కాల్పుల వేగం పెరిగింది, మసి ఎక్కువగా పేరుకుంది. చాంబర్‌కు క్రోమియం పూత లేదు. ఈ తుపాకి తనను తానే శుభ్రం చేసుకుంటుందన్నట్టు ప్రచారం జరగడంతో శుభ్రపరిచే సామగ్రి కూడా చాలామందికి అందలేదు. అడవి తేమకు చాంబర్ తుప్పుపట్టి, ఖాళీ తూటా దానిలో అతుక్కుపోయి, శత్రువు ఎదుట ఉండగా సైనికులు ఊచతో పొడిచి దాన్ని బయటికి తీయవలసి వచ్చింది. 1967లో అమెరికా కాంగ్రెసు ఉపసంఘం ఈ విషయాన్ని విచారించి, మందు మార్పును తప్పుపట్టింది. చాంబర్‌కు క్రోమియం పూత వేసి, శుభ్రపరిచే శిక్షణ ఇచ్చిన తరువాత అదే తుపాకి మీద ఫిర్యాదులు బాగా తగ్గిపోయాయి. మన రాజోలు పాఠకుడి తూటా ఇరుక్కున్న తీరు కూడా దీనికి దగ్గరదే.

ఏకే విషయానికొస్తే, దాని భాగాల మధ్య ఖాళీలు వదులుగా ఉండడం, గొట్టం లోపల క్రోమియం పూత ఉండడం, తూటా ఆకారం ముందుకు సన్నబడుతూ ఉండి సులువుగా ఊడిరావడం దాని బలాలు. ‘ఎప్పుడూ ఆగదు’ అన్నది మాత్రం అభిమానుల మాట. సేఫ్టీ మీటను కిందికి దించినప్పుడు పక్కన తెరుచుకునే సందులోంచి చిక్కని బురద చొరబడితే ఏకే కూడా ఆగుతుంది. నమ్మకాన్ని మాటలతో కాక తూటాల లెక్కతో తేల్చడం సైన్యాల పద్ధతి: 1911లో కోల్ట్ పిస్తోలును అమెరికా సైన్యం ఎంపిక చేసేముందు 6,000 తూటాలు కాల్చి చూశారు, అది ఒక్కసారీ ఆగలేదు.

ప్రశ్న: 2024 ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు నా 12 బోర్ తుపాకిని స్టేషనులో అప్పగించాను. తిరిగి తీసుకునేసరికి గొట్టం మీద తుప్పు పట్టింది. ఇక పనికిరాదా?
— ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: పైపై ఎర్రని పొడి తుప్పయితే నూనె గుడ్డతో పోతుంది. తుడిచిన తరువాత గోటికి తగిలే గుంటలు మిగిలితే, అవి గొట్టం లోపల, మరీ ముఖ్యంగా చాంబర్‌లో ఉన్నాయేమో మరమ్మతుదారు చేత చూపించండి, అంతవరకు కాల్చవద్దు. ఈసారి అప్పగించేముందు పలుచగా నూనె రాసి, తోలు పెట్టెలో కాకుండా గుడ్డ సంచిలో పెట్టి ఇవ్వండి. రసీదులో తుపాకి నంబరుతో పాటు దాని స్థితిని కూడా రాయించుకోవడానికి మొహమాటపడవద్దు.