బయోస్ అప్‌డేట్ తర్వాత బూట్ డిస్క్ దొరకడం లేదంటే

బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాము) అప్‌డేట్ అయ్యాక లోగో వస్తోందని, వెంటనే బూట్ డిస్క్ (విండోస్ ఉన్న డిస్క్) దొరకలేదంటూ ఆగిపోతోందని రాశారు. లోగో వస్తోందంటే మదర్‌బోర్డు బాగానే ఉన్నట్టు, కంగారు పడకండి. దయచేసి విండోస్‌ను మాత్రం మళ్ళీ ఇన్‌స్టాల్ చేయకండి. మీ ఫైళ్ళు చాలావరకు భద్రంగానే ఉండి ఉంటాయి.

బయోస్ మారినప్పుడు పాత సెట్టింగులు తరచుగా చెరిగిపోతాయి. ఆన్ చేయగానే డిలీట్ లేదా ఎఫ్2 మీట వరుసగా నొక్కి బయోస్ సెట్టింగుల్లోకి వెళ్ళండి. డిస్క్ పేరు జాబితాలో ఉందా? ఉంటే నా అనుమానమంతా సీఎస్ఎమ్ (పాత పద్ధతిలో బూట్ కానిచ్చే సెట్టింగు) మీదే. మీది చాలా ఏళ్ళనాటి విండోస్ అన్నారు కదా, ఆ డిస్క్ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉంటే సీఎస్ఎమ్ ఆన్‌లో లేకుండా అది బూట్ కాదు. కొన్ని బోర్డుల్లో సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే రక్షణ) ఆపితే తప్ప సీఎస్ఎమ్‌ను మార్చనివ్వదు.

అదీ కాకపోతే స్టోరేజ్ మోడ్ (డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి) చూడండి. ఇంతకుముందు ఏహెచ్‌సీఐలో ఉన్నది రెయిడ్‌కు మారి ఉంటే వెనక్కి తిప్పండి. ఒక్కసారికి ఒక్కటే మార్చి, సేవ్ చేసి, ఫలితం చూడండి. నీలి తెర మీద బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) 48 అంకెల రికవరీ కీ అడిగితే అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉండవచ్చు, ఫోనులో తెరిచి చూడండి.

జాబితాలో డిస్క్ పేరే లేకపోతే ఆ తెరను ఫొటో తీసి పెట్టండి, చూసి చెబుతాను.