టెక్ సందేహాలు: గ్రూపులో పెట్టాను కదా, చూడలేదా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే మాట చుట్టూ తిరిగాయి. ఆఫీసులో ఒకరికి తెలిసింది మిగతావారికి చేరడం లేదు. అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చాను.

విజయవాడలో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే సంస్థ మాది. పద్నాలుగు మంది మెకానిక్‌లు. తెలిసిన చిట్కాలన్నీ వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. అవసరమైన పూట ఒక్కటీ దొరకదు. మంచి సాఫ్ట్‌వేర్ ఏదైనా కొనమంటారా?

ఇప్పుడే కొనకండి. చిట్కాలకు మీ దగ్గర కొరత లేదు. అవి శుభోదయాల కింద, పుట్టినరోజు కేకుల కింద కూరుకుపోయాయి, అంతే. వాట్సాప్‌లో వెతకవచ్చు గానీ అది టైపు చేసిన మాటల్నే పట్టుకుంటుంది. బోర్డు ఫొటో పెట్టి కింద ‘ఇది చూడండి అన్నా’ అని రాస్తే, రేపు ఏ మాటతో వెతికినా తగలదు. కొత్తగా చేరిన కుర్రాడికి తాను రాకముందు నడిచిన సంభాషణంతా మామూలుగా కనిపించదు కూడా.

ఈ బాధ మీకంటే ముందు పడినవాళ్లున్నారు. మన వీధి చివరి దుకాణానికి పేరు అరువిచ్చిన అమెరికా కంపెనీ జిరాక్స్‌లో, 1980లలో జూలియన్ ఓర్ అనే మానవశాస్త్ర పరిశోధకుడు మెకానిక్‌ల వెంట తిరిగాడు. లావుపాటి మాన్యువల్‌లో దొరకని మరమ్మతులు వాళ్ల కాఫీ కబుర్లలో దొరుకుతున్నాయని గమనించాడు. నిన్న ఫలానా యంత్రం ఎలా మొండికేసిందో ఒకరు మొదలుపెడితే, ఇంకొకరు తన అనుభవం కలుపుతారు. అసలు లోపం ఆ మాటల్లోనే బయటపడుతుంది. తర్వాత 1990లలో ఆ కంపెనీ ఇలాంటి అనుభవాలను పోగుచేయడానికి యురేకా అనే వ్యవస్థను కట్టింది. అది మొదట ఫ్రాన్స్‌లో నడిచింది. మెకానిక్ పంపిన చిట్కాను అనుభవమున్న తోటివారు పరీక్షించి సరేనంటేనే అందరికీ చేరేది. రాసినవారి పేరు దాని మీదే ఉండేది. చిట్కాకు ఇంత అని డబ్బు ఇద్దామన్న ఆలోచన వస్తే మెకానిక్‌లే వద్దన్నారు. డబ్బు పెడితే చిట్కాల లెక్క పెరుగుతుంది గానీ నాణ్యత పెరగదని వాళ్లకు తెలుసు.

మీకు గూగుల్ ఫారమ్ చాలు. అయిదు ప్రశ్నలు: మోడల్, కస్టమర్ చెప్పిన మాట, తెర మీద కనిపించిన ఎర్రర్ కోడ్, అసలు లోపం, చేసిన పని. దాని లింకును ప్రతి మెకానిక్ ఫోను తెర మీద పెట్టించండి. జవాబులన్నీ ఒక షీటులో చేరతాయి. ఒక నమోదు ఇలా ఉండాలి:

‘కస్టమర్ మాట: రాత్రి బాగానే నడిచింది, పొద్దున ఆన్ కాలేదు. లోపం: బయటి యూనిట్ బోర్డు మీద బల్లి పడి షార్టయింది. చేసిన పని: బోర్డు మార్చి, వైర్లు వెళ్లే రంధ్రం మూసేశాం.’

కస్టమర్ మాటను ఆయన నోటి మాటగానే రాయించండి. రేపు ఇంకో మెకానిక్ వినబోయేది కూడా దాన్నే, లోపం పేరును కాదు. మోడళ్లను, విడిభాగాల పేర్లను మాత్రం టైపు చేయనివ్వకండి, జాబితాలోంచి ఎంచుకునేలా పెట్టండి. ఒకరు కంప్రెసర్ అని తెలుగులో, ఇంకొకరు ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది. మిగతాది ఫోను కీబోర్డులోని మైకు నొక్కి తెలుగులో చెప్పేస్తే సరి. షీటు చివర ‘సరిచూసినవారు’ అని ఒక గడి చేర్చండి. మీ పెద్ద మెకానిక్ శనివారం అరగంట కూర్చుని దాన్ని నింపాలి. ఆ అరగంటకు జీతం ఇవ్వండి.

గుంటూరులో ఆడిట్ ఆఫీసు మాది. ఆరేళ్లు చేసిన అకౌంటెంట్ మానేశారు. క్లయింట్ల షీట్లన్నీ ఆయన సొంత జీమెయిల్‌లో తయారైనవే. మాకు షేర్ చేసి ఉన్నాయి కాబట్టి భయం లేదంటున్నారు. నిజమేనా?

కాదు. షేర్ చేసిన ఫైలు మీ ఇంట్లో ఉన్న పక్కింటి నిచ్చెన లాంటిది. ఎక్కవచ్చు, దిగవచ్చు, వాళ్లు పట్టుకుపోతే ఆపలేరు. ఆయనకు దురుద్దేశం ఉండనక్కర్లేదు. పదిహేను జీబీ ఉచిత స్థలం నిండిందని ఒక ఆదివారం పాత ఫైళ్లు తొలగిస్తే, మీ దగ్గరా మాయమవుతాయి.

మాటలు బాగున్నప్పుడే ఆయన్ను ఒక పూట పిలిపించండి. ఫైలులో షేర్ బటన్ నొక్కి, మీ పేరు పక్కనున్న మెనూలో ‘ట్రాన్స్‌ఫర్ ఓనర్‌షిప్’ ఎంచుకోమనండి. మీకు వచ్చే అభ్యర్థనను మీరు అంగీకరిస్తేనే యాజమాన్యం మారుతుంది. సొంత జీమెయిల్ నుంచి, సంస్థల కోసం గూగుల్ ఇచ్చే వర్క్‌స్పేస్ ఖాతాకు మాత్రం ఇలా కుదరదు. అక్కడ కాపీ చేసుకోవడమే దారి. కాపీలో పాత మార్పుల చరిత్ర రాదు కాబట్టి అసలును కూడా కొన్నాళ్లు ఉంచమనండి.

ఇకముందు వర్క్‌స్పేస్ తీసుకునే ఆలోచన ఉంటే, బిజినెస్ స్టాండర్డ్ నుంచి పైస్థాయి ప్లాన్లలో షేర్డ్ డ్రైవ్ ఉంటుంది. అందులోని ఫైళ్లకు యజమాని సంస్థే, మనిషి కాదు. ఉద్యోగి ఖాతాను తీసేసే ముందు ఆయన ఫైళ్లను ఇంకొకరికి బదలాయించండి. పొరపాటున తీసేసినా 20 రోజుల్లోపు ఖాతాను తిరిగి తెచ్చుకోవచ్చు.

నేను పూర్వం పనిచేసిన చోట ప్రింటర్ పాస్‌వర్డ్ ఒక్కరికే తెలుసు. ఆయన పెళ్లికని నాలుగు రోజులు సెలవు పెడితే మేమంతా పక్క వీధికి నడిచి ప్రింటు తెచ్చుకున్నాం. పెళ్లికొడుక్కి ఫోను చేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మా సహకార సంఘం తీర్మానాలు పదిహేనేళ్లవి కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ‘రుణం’ అని వెతికితే ఒక్క ఫైలూ రాదు. అన్నీ పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో టైపు చేయించినవి.

అను ఫాంట్లలో టైపు చేసింది తెర మీద తెలుగు, లోపల తెలుగు కాదు. ఇంగ్లిష్ కీబోర్డు గుర్తులకు తెలుగు బొమ్మలు తొడిగారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిచి చూడండి, వేషం తీసేసిన నటుడిలా అర్థంకాని గుర్తులు వరుసగా నిలబడతాయి. ఇప్పుడు ఫోన్లూ కంప్యూటర్లూ వాడే యూనికోడ్ అనే పద్ధతిలో మన ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఉంది. మీరు యూనికోడ్‌లో వెతుకుతున్నారు, ఫైలు ఇంకో లిపి మాట్లాడుతోంది.

అను నుంచి యూనికోడ్‌కు మార్చే ఉపకరణాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వత్తుల దగ్గర తప్పులు వస్తాయి, తేదీలనూ మొత్తాలనూ మాత్రం అసలుతో పోల్చి చూడాల్సిందే. అన్నిటినీ ఒకేసారి మార్చాలని కూర్చోకండి, మధ్యలో మానేస్తారు. ముందు ప్రతి ఫైలునూ పీడీఎఫ్‌గా దాచండి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, అది నడిచే పాత కంప్యూటర్ మీకు ఇంకెంతకాలం మిగులుతుందో! ఆ తర్వాత ఫైలు పేరునైనా యూనికోడ్‌లో పెట్టండి: ‘2014-06 సర్వసభ్య సమావేశం రుణాల తీర్మానం’. సగం వెతుకులాట అక్కడే తీరుతుంది.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ. మాకు లోపల వికీ ఉంది, అంటే ఉద్యోగులే రాసి దిద్దుకునే సమాచార పేజీలు. ఎవరూ చూడరు.

పాత సమాచారం రెండుసార్లు చూపించి ఉంటుంది, మూడోసారి మానేశారు. వార్డ్ కనింగ్‌హామ్ 1995లో మొదటి వికీకి ఆ పేరు పెట్టింది హొనొలులు విమానాశ్రయంలో తిరిగే వికీ వికీ బస్సును చూసి. హవాయి భాషలో ఆ మాటకు అర్థం త్వరత్వరగా అని. మీ వికీలో ఒక వాక్యం మార్చడానికి ముగ్గురి అనుమతి కావాలంటే అది బస్సు కాదు, షెడ్డులో పెట్టిన రథం. అనుమతులు తీసేయండి. ఏడాదిగా ముట్టని పేజీలను కంటికి కనిపించని చోటికి జరపండి. చాట్‌లో ఎవరైనా ప్రశ్న అడిగితే పేజీ లింకుతో జవాబివ్వండి, పేజీ లేకపోతే ఆ జవాబునే పేజీగా చేయండి.

కాగితాలన్నీ ఏఐకి ఇచ్చేసి ప్రశ్నలు అడిగితే పోలేదా?

గూగుల్ వారి నోట్‌బుక్ ఎల్ఎమ్ లాంటి ఏఐ ఉపకరణాలు మీరిచ్చిన పత్రాల ఆధారంగా జవాబిస్తాయి, ఎక్కడి నుంచి తీసుకున్నాయో చూపిస్తాయి. బాగానే ఉంటుంది. అయితే 2019 సెలవుల నిబంధన, 2024 నిబంధన రెండూ పడేస్తే, ఏది అమల్లో ఉందో దానికి ఎవరు చెబుతారు? ముందు రద్దయినవి ఏరేయండి. ఆధార్ నకళ్లు, కస్టమర్ల నంబర్లు అందులో వేయకండి.

మండపేటలో రైసు మిల్లు. 28 ఏళ్లుగా ఉన్న మా హెడ్ ఆపరేటర్ మూడు నెలల్లో విశ్రాంతి తీసుకుంటున్నారు. కెమెరా పెట్టి రెండు గంటలు మాట్లాడించాం. ఎవరికీ ఏమీ ఎక్కలేదు.

కుర్చీలో కూర్చోబెట్టి చెప్పమంటే ఆయనకూ గుర్తురాదు. అది నోటిలో లేదు, చేతిలో ఉంది. జపాన్‌లో మత్సుషిత కంపెనీ 1980లలో ఇంట్లో రొట్టె చేసే యంత్రం తయారుచేస్తూ ఇలాగే ఇరుక్కుంది. పిండి ఎలా కలిపినా రొట్టె కుదరలేదు. ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఒసాకాలో పేరున్న హోటల్ వంటవాడి దగ్గర శిష్యరికానికి చేరింది. ఆయన పిండిని సాగదీయడమే కాదు, మెలితిప్పుతున్నాడని అక్కడ పట్టుకుంది. అది ఆయన చేతుల్లో దొరికింది. 1987లో యంత్రం బజారుకు వచ్చింది.

మీరూ ఒక కుర్రాడిని ఆయన పక్కన నిలబెట్టండి. పొట్టు తీసే రబ్బర్ రోళ్ల మధ్య ఖాళీ సరిచేయడానికి చెయ్యి పెట్టిన ప్రతిసారీ ‘ఇప్పుడెందుకు తిప్పారు బాబాయ్?’ అని అడగాలి. అరచేతిలో బియ్యం పోసి నూక ఎంతుందో ఆయన చెప్పినప్పుడు, కుర్రాడు ముందే తన అంచనా రాసుకుని పోల్చుకోవాలి. ఫోనును స్టాండుకు బిగించి ఒకటి రెండు నిమిషాల ముక్కలుగా తీయండి. మిల్లు చప్పుడుకు మాట వినబడదు, చొక్కాకు తగిలించే మైకు తప్పనిసరి. వీడియోకు ఆపరేటర్ పేరు కాదు, జబ్బు పేరు పెట్టండి: ‘నూక ఎక్కువ వస్తుంటే’. చివరి నెల పాత్రలు మార్చండి. కుర్రాడు తిప్పాలి, పెద్దాయన తప్పుపట్టాలి. ఆ తప్పులు పట్టిన వీడియోలే అన్నిటికంటే పనికొస్తాయి.

వీడియోలను గూగుల్ డ్రైవ్‌లో మీవాళ్లకే కనిపించేలా పెట్టి, ప్రతి యంత్రం మీద దాని లింకు క్యూఆర్ కోడ్ అతికించండి. కోడ్ మీద పారదర్శక టేపు వేయండి. తవుడు పడితే తుడుచుకోవచ్చు.