పగడం రంగు వేసినదా, సహజమైనదా? కొనేముందు ఎలా తెలుసుకోవాలి?

ఉంగరంలో పొదిగే పగడాన్ని 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో పక్కనుంచి చూడండి, అర మిల్లీమీటరు కూడా ఎడం లేని సన్నని సమాంతర గీతలు కనిపించి, రంగు పగుళ్లలోనో గుంటల్లోనో చిక్కబడకుండా ఉంటే అది చాలావరకు సహజమైనదే.

పగడం రాయి కాదు, సముద్రజీవులు కట్టుకున్న కాల్షియం కార్బొనేట్ అస్థిపంజరం. ఎరుపు అది పెరిగేటప్పుడే లోపల కలిసిపోతుంది, అద్దకం రంగు మాత్రం పైనుంచి సందుల్లోకి దిగుతుంది, అందుకే అక్కడ ముదురుగా తేలుతుంది.

ఉదాహరణకి వెదురు పగడం. అసలు తెలుపో, గోధుమ రంగో ఉంటుంది, దానికి ఎరుపు అద్ది అమ్ముతారు. దాని గీతలు మామూలు కంటికే కనిపించేంత మోటుగా ఉంటాయి, వెనకవైపు అసిటోన్‌లో (గోళ్ల రంగు తుడిచేందుకు వాడే ద్రవం) తడిపిన దూదితో రుద్దితే చాలాసార్లు గులాబీ మరక అంటుతుంది. అయితే పైన మైనమో, ప్లాస్టిక్ పూతో ఉంటే రంగు రాకపోవచ్చు, కాబట్టి ఖరీదైన పగడానికి ల్యాబ్ సర్టిఫికెట్ అడగాల్సిందే, అందులో 'రంగు వేసిన గుర్తులు లేవు' అని ఉందో లేదో చదవండి.

చాలామంది పగడాన్ని పాలలో వేస్తే పాలు ఎర్రబడాలని, అప్పుడే అసలైనదని నమ్ముతారు. ఇది పూర్తిగా తలకిందులు! రంగు వదిలిందంటే అద్దకమే. అలాగే వెనక చిన్న తెల్లమచ్చ ఉంటే నకిలీ అని భయపడొద్దు, జపాన్ ఎర్ర పగడం నడిమధ్య తెల్లగానే ఉంటుంది.