చదువు పెరిగితే పూజ తగ్గుతుందా?

ప్రశ్న: మా పెద్దబ్బాయి ఎం.ఎస్. చదవడానికి అమెరికా వెళ్లిన ఏడాదికే సంధ్యావందనం మానేశాడు. ‘అంతంత చదువులు చదివితే అంతే మరి’ అంటున్నారు మావారు. పైచదువులకూ నాస్తికత్వానికీ నిజంగా అంత సంబంధం ఉందా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: సంబంధం ఉందమ్మా, కాని మీవారు అనుకున్నంత సూటిగా లేదు. మీ అబ్బాయి ఉంటున్న దేశం గురించే ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ 2017లో ఒక విశ్లేషణ వెలువరించింది. మతం తమకు చాలా ముఖ్యమని చెప్పినవారు హైస్కూలుతోనో అంతకు ముందో చదువు ఆపినవారిలో 58 శాతం ఉండగా, పట్టభద్రుల్లో 46 శాతమే ఉన్నారు. అదే వారం వారం ప్రార్థనకు వెళ్లేవారిని లెక్కిస్తే తేడా దాదాపు మాయమైంది. క్రైస్తవులను మాత్రమే తీసుకుంటే పట్టభద్రులే కాస్త ఎక్కువగా చర్చికి వెళ్తున్నారు. చదువు నమ్మకాన్ని సడలించినంతగా ఆచారాన్ని సడలించడం లేదన్నమాట.

మనవైపు చూడాలంటే హైదరాబాదు శివార్లలోని చిలుకూరు బాలాజీ గుడి చాలు. వీసా రావాలని మొక్కుకుని 11 ప్రదక్షిణలు, వచ్చాక 108 ప్రదక్షిణలు చేసేవారిలో బీటెక్ పట్టా చేతికొచ్చిన పిల్లలు ఎందరో. లెక్క తప్పకుండా, అంకెలు అచ్చువేసిన కాగితం మీద చుట్టుకొక గడి కొట్టేసుకుంటూ నడుస్తుంటారు. (ఇంజనీరింగ్ గణితం చదివినవారికి 108 దాకా లెక్కపెట్టడానికి కాగితం ఎందుకో నన్ను అడగకండి.) మరోవైపు వృక్షశాస్త్రం చదివి, కళాశాలల్లో బోధించిన గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. అయితే ఆయనతో పాటు అదే శాస్త్రం చదివినవారందరూ ఆ దారి పట్టలేదు కదా!

మీ అబ్బాయి విషయంలో నాకు తోచేది వేరే. చర్చికి వెళ్లడమైనా, చిలుకూరులో తిరగడమైనా నలుగురితో కలిసి చేసే పని. సంధ్యావందనం ఒంటరిగా, వేళ తప్పకుండా చేయవలసినది. ఇంట్లో తండ్రి పంచపాత్ర పట్టుకుని కూర్చుంటే కొడుకూ పక్కన కూర్చుంటాడు. నలుగురు కుర్రాళ్లు ఒకే స్నానాలగది పంచుకునే అద్దె ఇంట్లో, పొద్దున్నే క్లాసుకు పరుగెత్తాల్సిన రోజుల్లో, మొదట జారిపోయేది అలాంటి ఆచారమే. దేవుడు లేడని అతడు తేల్చుకున్నాడో, తీరిక లేక మానేశాడో మీరే అడిగి తెలుసుకోవాలి. ఉగాదికో వినాయక చవితికో అక్కడి గుడికి వెళ్తున్నాడా అని కూడా అడగండి. వెళ్తున్నానంటే ఆ మాట మీవారి చెవిన వేయండి.