మీ ప్రశ్నలు: బంకర్‌లో విలేకరి, పక్కన ఇరవయ్యేళ్ల కుర్రాడు

పోయిన సంచికలో యుద్ధ విలేకరుల మీద వేసిన వ్యాసం చాలామందిని కదిపినట్టుంది, ఈసారి వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ దాదాపు అన్నీ దాని మీదే. అన్నిటికీ జవాబు ఇవ్వడం కుదరదు కాబట్టి ఒకేలా ఉన్నవి కలిపేశా, తిట్లు తప్ప ప్రశ్న లేనివి పక్కన పెట్టా.

ప్రశ్న: సార్, ఎంబెడ్ అంటే సైన్యం బండ్లలో తిరుగుతూ, వాళ్ల తిండే తింటూ, వాళ్ల కాపలాలో పడుకుంటూ రాయడమే కదా. అలాంటోళ్లు వాళ్లకి వ్యతిరేకంగా ఎలా రాస్తారు? అది పీఆర్ పని కాదా?
– జర్నలిజం విద్యార్థి, గుంటూరు

జవాబు: నువ్వన్నదాంట్లో సగం నిజం ఉంది బాబూ, మిగతా సగం కొంచెం చిక్కుగా ఉంటుంది. 2003లో అమెరికా ఇరాక్ మీదకి వెళ్లినప్పుడు 600 మందికి పైగా విలేకరుల్ని యూనిట్లకి జత చేసి పంపింది, ముందే కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంది. సరిగ్గా ఎక్కడున్నామో రాయకూడదు, రేపు ఎటు కదులుతున్నామో రాయకూడదు, చనిపోయినవాళ్ల పేర్లు ఇంటికి కబురు అందేదాకా బయటపెట్టకూడదు, ఇలాంటివి. నిజం చెప్పాలంటే ఈ రూల్స్‌లో నాకు పెద్ద తప్పేం కనపడదు, కొడుకు పోయిన సంగతి టీవీలో స్క్రోలింగ్ చూసి తెలుసుకునే ఖర్మ ఏ తల్లికీ పట్టకూడదు కదా.

అసలు ఇబ్బంది సంతకాల దగ్గర కాదు, దగ్గరితనం దగ్గర. రాత్రి కాల్పులు మొదలైతే నిన్ను లాగి గోడ వెనక పడేసిన కుర్రాడి గురించి పొద్దున్నే లేచి నాలుగు మాటలు కటువుగా రాయాలంటే చెయ్యి ఆడదు. దీనికి నాకు బాగా గుర్తొచ్చేది ఆఫ్ఘనిస్తాన్ కునార్ ప్రాంతంలోని కోరెంగల్ లోయ. 2007, 2008ల్లో అమెరికా 173వ ఎయిర్‌బోర్న్ బ్రిగేడ్‌లోని బ్యాటిల్ కంపెనీ అక్కడుండేది. రచయిత సెబాస్టియన్ జంగర్, ఫొటోగ్రాఫర్ టిమ్ హెథరింగ్టన్ ఇద్దరూ ఆ ఏడాదంతా వెళ్తూ వస్తూ ఆ కుర్రాళ్లతోనే ఉన్నారు. కంపెనీలో మెడిక్‌గా పనిచేసిన హువాన్ రెస్ట్రెపో అనే 20 ఏళ్ల అబ్బాయి వచ్చిన కొత్తలోనే, 2007 జులైలో చనిపోయాడు, తర్వాత కొండ మీద రాళ్లూ మట్టి సంచులతో కట్టిన చిన్న ఔట్‌పోస్ట్‌కి అతని పేరే పెట్టుకున్నారు. నీళ్ల కుళాయి లేదు, స్నానం లేదు, ఇరవై మంది దాకా అక్కడే తినడం అక్కడే పడుకోవడం. జంగర్ ఎక్కిన హమ్వీ (సైన్యం జీపు లాంటి బండి) కింద ఒకసారి బాంబు పేలింది, హెథరింగ్టన్ ఒక ఆపరేషన్‌లో కాలు విరిగితే ఆ విరిగిన కాలితోనే రాత్రిపూట కొండ దిగాడు. ఇంత జరిగాక వీళ్లు ఆ కుర్రాళ్లకి సొంతవాళ్లు కాకుండా ఎలా ఉంటారు?

వాళ్లు తీసిన డాక్యుమెంటరీలో ఒక ఆవు సంగతి ఉంది. ఊరివాళ్ల ఆవు ఒకటి ఔట్‌పోస్ట్ చుట్టూ వేసిన ముళ్లకంచెలో చిక్కుకుంటే సైనికులు చంపి తినేశారు. పెద్దమనుషులు వచ్చి డబ్బులు ఇమ్మన్నారు, వీళ్లేమో డబ్బు ఇవ్వలేం, ఆవు ఎంత బరువుంటే అంత బియ్యం, బీన్స్, చక్కెర ఇస్తాం అన్నారు. ఆ ముసలాళ్ల మొహాలు చూడాలి. పాడి ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లెవరికైనా అది ఎలాంటి బేరమో వెంటనే అర్థమవుతుంది. కానీ కెమెరా ఆ ముసలాళ్ల వెంట ఊళ్లోకి వెళ్లదు, వెళ్తే ప్రాణాలతో తిరిగి రాదు కాబట్టి. గట్టు మీదే ఉండిపోతుంది. తీసినవాళ్లు కూడా ఇది సైనికులు చూసినంత మేరకే అని దాచకుండా చెప్పారు, నాకు నచ్చింది అదే.

అందుకే నేను డెస్క్‌లో కొత్తగా చేరినవాళ్లకి చెప్పేది ఏంటంటే, యుద్ధం దగ్గర నుంచి వచ్చిన కాపీని నూరు గజాల వరకు నమ్మండి. ఏం తిన్నారు, ఎవరు ఏడ్చారు, బూట్లు ఎలా ఉన్నాయి, ఎవరు ఎవర్ని మోసుకొచ్చారు, ఇవన్నీ అక్కడున్నవాడు రాస్తే దానికి మించిన సాక్ష్యం లేదు. ఎవరు గెలుస్తున్నారు, అవతల ఎంతమంది పోయారు అని అదే మనిషి రాస్తే మాత్రం వేరే చోట ఇంకోసారి చూసుకోవాలి. 2003 ఏప్రిల్ 9న బాగ్దాద్ ఫిర్దోస్ స్క్వేర్‌లో సద్దాం విగ్రహాన్ని పడగొట్టింది గుర్తుండే ఉంటుంది, దగ్గర షాట్లలో చూస్తే ఊరంతా వచ్చినట్టు ఉంటుంది, దూరం నుంచి తీసిన ఫొటోల్లో చౌక్ చాలావరకు ఖాళీ, పైగా విగ్రహాన్ని లాగింది అమెరికన్ మెరీన్ల బండే. దగ్గర షాట్ అబద్ధం కాదు, కానీ అది నూరు గజాల లోపలి నిజం. ఇంతకీ పీఆర్ అంటావా, ఆ కోరెంగల్‌లో 40 మందికి పైగా అమెరికన్ సైనికులు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో ఆ లోయని వదిలేసి వెళ్లిపోయారు. లోపలుండి తీసిన ఆ ఫొటోలూ రాతలూ చూసినవాళ్లకి అది పెద్ద ఆశ్చర్యంగా అనిపించలేదు.

ప్రశ్న: మా అబ్బాయి అగ్నివీర్‌గా చేరి రెండేళ్లు దాటింది, సరిహద్దు దగ్గరే ఉన్నాడు. మా జిల్లాలోనే గోరంట్ల మండలం మురళీ నాయక్ పోయినప్పటి నుంచీ నాకు నిద్ర లేదండి. ఫోన్ చేస్తే బాగున్నా అమ్మా అంటాడు, ఇంక మాట్లాడడు. టీవీ పెడితే గుండె ఆగినంత పనవుతుంది. టీవీలో చూపించేది నిజమేనా?
– ఒక తల్లి, శ్రీ సత్యసాయి జిల్లా

జవాబు: అమ్మా, ముందు టీవీ సంగతి చెప్తా. 2025 మే 8 రాత్రి తెల్లారితే 9, నియంత్రణ రేఖ దగ్గర ఫిరంగి కాల్పుల్లో మురళీ నాయక్ ప్రాణం పోయింది. సరిగ్గా ఆ రాత్రే మన దేశంలో కొన్ని ఛానళ్లు కరాచీ పోర్టు ధ్వంసం అయిపోయిందని స్టూడియోల్లో సైరన్లు మోగించుకుంటూ చెప్పాయి, పొద్దున్నే చూస్తే అలాంటిదేం లేదు. ఒకపక్క మురళీ, ఆ కల్లితండా ఊరి కుర్రాడు, నిజంగా చనిపోతుంటే ఇంకోపక్క యాంకర్లు లేని యుద్ధం గెలుస్తున్నారు. నాకు ఇప్పటికీ దాని మీద కోపం తగ్గలేదు. కాబట్టి రాత్రిపూట ఆ ఛానళ్లు కట్టేయండి, మీకేం నష్టం లేదు. మీ అబ్బాయికి ఏదైనా అయితే మీకు చెప్పేది యూనిట్, యాంకర్ కాదు.

ఇక మీ అబ్బాయి మాట్లాడకపోవడం. హెథరింగ్టన్ అని పైన రాశాను చూడండి, ఆయన ఆ ఔట్‌పోస్ట్‌లో ఒక పని చేశాడు, కుర్రాళ్లు నిద్రపోతున్నప్పుడు ఫొటోలు తీశాడు. పగలంతా చొక్కాల్లేకుండా టాటూలు వేసుకుని మెషిన్ గన్లు పట్టుకుని కుస్తీలు పట్టేవాళ్లు, నిద్రలో చూస్తే నోరు కొంచెం తెరుచుకుని, చెయ్యి తల కింద పెట్టుకుని, ఇంటర్ హాస్టల్లో పిల్లల్లా ఉంటారు. ఈ కుర్రాళ్లని వాళ్ల అమ్మలు చూసేది ఇలాగే అని ఆయన ఉద్దేశం. అదే లోయలో బంకర్ గట్టుకి ఆనుకుని అలసిపోయి మొహం మీద చెయ్యి పెట్టుకున్న సైనికుడిని ఆయన తీసిన ఫొటోకి 2007 వరల్డ్ ప్రెస్ ఫొటో బహుమతి వచ్చింది. తుపాకీ పేలుతున్న ఫొటోకి కాదు.

ఇంకో విషయం, ముందు వరసలో ఎక్కువ టైమ్ ఏమీ జరగదు. ఎండ, దుమ్ము, సెంట్రీ డ్యూటీ, ఒకే జోకు నలభైసార్లు. దాన్ని ఫోన్లో ఏమని చెప్తాడు? జరిగింది చెప్పాలంటేనేమో మీరు తట్టుకోలేరని భయం, కొన్ని చెప్పకూడదని ఆర్డరూ ఉంటుంది. కోరెంగల్ నుంచి ఇటలీలోని క్యాంపుకి తిరిగొచ్చాక ఇంటర్వ్యూ చేస్తే ఒకబ్బాయి నాలుగైదు రకాల నిద్ర మాత్రలు వేసుకున్నా నిద్ర రావట్లేదని చెప్తాడు, చెప్తున్నంతసేపూ నవ్వుతూనే ఉంటాడు. ఆ నవ్వు చూస్తే మీకు మీ అబ్బాయి "బాగున్నా" గుర్తొస్తుంది. అందుకని ఏం జరిగిందిరా అని గుచ్చిగుచ్చి అడక్కండి. ఏం తిన్నావు, నీ పక్క మంచం అబ్బాయిది ఏ ఊరు, వాళ్లమ్మ ఏం చేస్తుంది, ఇట్లాంటివి అడగండి, వాటిల్లోంచి వాడే చెప్తాడు. ఇంకొకటి, వాడు ఎప్పుడైనా ఫొటో పంపితే చుట్టాల గ్రూపులో పెట్టొద్దు, వెనక కొండ కనపడినా చాలు ఎక్కడో పోల్చేవాళ్లు ఉంటారు.

ప్రశ్న: ప్రెస్ అని పెద్దక్షరాలతో జాకెట్ వేసుకుంటే కాల్చకూడదు కదా, మరి ఇంతమంది ఎలా పోతున్నారు?
– బ్యాంకు ఉద్యోగి, ఖమ్మం

జవాబు: చట్టం ప్రకారం కాల్చకూడదు. 1977లో జెనీవా ఒప్పందాలకి చేర్చిన మొదటి ప్రోటోకాల్‌లో 79వ ఆర్టికల్ విలేకరిని మామూలు పౌరుడిగానే చూడాలంటుంది. కానీ 2003 ఏప్రిల్ 8న బాగ్దాద్‌లో విలేకరులు దిగిన పాలస్తీన్ హోటల్ మీద అమెరికన్ ట్యాంకు పేల్చితే ఇద్దరు కెమెరామెన్ పోయారు, అందులో విలేకరులున్నారని తెలియనివాళ్లు ఊళ్లో లేరు. 2007 జులైలో అదే ఊళ్లో రాయిటర్స్ ఫొటోగ్రాఫర్ నమీర్ నూర్ ఎల్దీన్, అతని సహచరుడు సయీద్ చ్మాగ్‌ని హెలికాప్టర్ నుంచి కాల్చేశారు, భుజాన ఉన్న కెమెరాని ఆయుధం అనుకున్నారట. మన దేశపు ఫొటోగ్రాఫర్ డానిష్ సిద్ధిఖీ 2021 జులై 16న ఆఫ్ఘనిస్తాన్‌లోని స్పిన్ బోల్దక్‌లో పోయాడు, ఆఫ్ఘన్ స్పెషల్ ఫోర్సెస్‌తో వెళ్లి. అంతకు మూడు రోజుల ముందే తను ఎక్కిన బండికి రాకెట్ తగిలిన వీడియో తనే పోస్ట్ చేశాడు. సైన్యంతో వెళ్తే ఆ సైన్యం శత్రువు నీకూ శత్రువే, జాకెట్ మీద ఏం రాసుందని ఎవరు చదువుతారు.

ఇప్పుడు డ్రోన్లు వచ్చాక ఇంకా ఘోరం, కిలోమీటర్ల దూరం నుంచి స్క్రీన్ మీద చూసి కొట్టేస్తున్నారు. ఉక్రెయిన్‌లో 2023 నుంచి విలేకరులకి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జోన్లు పెట్టారు, ఎరుపులోకి రానివ్వరు. గాజాలో అయితే 2023 అక్టోబర్ నుంచి బయటి విలేకరుల్ని సొంతంగా వెళ్లనివ్వనే లేదు, రాసేవాళ్లూ తీసేవాళ్లూ అక్కడి మనుషులే, చచ్చిపోతున్నదీ వాళ్లే. 2024లో ప్రపంచం మొత్తం మీద కనీసం 124 మంది విలేకరులు, మీడియా సిబ్బంది పోయారని విలేకరుల రక్షణ కోసం పనిచేసే సీపీజే అనే సంస్థ లెక్క, అందులో ఎక్కువమంది గాజా వాళ్లు. వాళ్లకి ఎంబెడ్ లేదు, తిరుగు ఫ్లైటూ లేదు.

ప్రశ్న: యుద్ధం ఎప్పుడైనా కుర్రాళ్లతోనే ఎందుకు చేయిస్తారు?
– ఇంటర్ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: మోకాళ్లు బాగుంటాయి, పెళ్లాం పిల్లలుండరు, చావు తమకి రాదనుకునే వయసు. అగ్నివీర్‌లో కూడా పదిహేడున్నర నుంచే తీసుకుంటారు. అయితే ప్రతిచోటా అలాగే కాదమ్మా, ఉక్రెయిన్‌లో బలవంతపు పిలుపు వయసు 27 ఉండేది, 2024లో 25కి దించారు, అంతకంటే చిన్నవాళ్లని వాళ్లే ఆపుకున్నారు, అక్కడ ట్రెంచ్‌లలో నలభైలు దాటినవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. చిన్నవాళ్లు చస్తే రేపు దేశంలో ఎవరుంటారని లెక్క.

ప్రశ్న: రష్యా సైన్యంలో మన తెలంగాణ కుర్రాళ్లు ఇరుక్కున్నారని వచ్చింది కదా, మన తెలుగు పేపర్లు ఒక్కళ్లనైనా అక్కడికి పంపాయా?
– ఆటో డ్రైవర్, నారాయణపేట

జవాబు: అన్నా, మంచి ప్రశ్న వేశావు. 2024 మొదట్లో బయటపడింది ఇది, హెల్పర్ ఉద్యోగం అని ఏజెంట్లు చెప్పి తీసుకెళ్లి సరిహద్దులో దింపేశారు. యూట్యూబ్ వీడియోలు చూసి వెళ్లినవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్ కుర్రాడు ఒకతను చనిపోయాడని 2024 మార్చిలో మన ఎంబసీ చెప్పింది, ఆ వెంటనే సీబీఐ ఏజెంట్ల మీద కేసు పెట్టింది. ఫ్రంట్‌కి విలేకరిని పంపడం అంటే వీసా, ఇన్సూరెన్స్, అక్కడి మనిషికి జీతం, మన యాజమాన్యాలు ఆ ఖర్చు పెట్టవు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ ఈ కథలో ముందు వరస హైదరాబాద్‌లోనూ మీ నారాయణపేటలోనూ కూడా ఉంది. కుర్రాళ్లు యూనిఫామ్‌లో నిలబడి మమ్మల్ని కాపాడండి అని తీసిన సెల్ వీడియో అన్నదమ్ముల ఫోన్లకి వస్తే, ఆ ఇళ్లకి వెళ్లి కూర్చుని, ఏజెంటుకి కట్టిన డబ్బుల లెక్క రాసుకున్న లోకల్ విలేకరి చేసింది యుద్ధ విలేకరి పనే. దానికి మెడల్స్ ఉండవు, అంతే.

ప్రశ్న: నాకు 22 ఏళ్లు, వార్ రిపోర్టర్ అవ్వాలని ఉంది. ఇంట్లో తిడుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి సార్?
– స్ట్రింగర్, నంద్యాల

జవాబు: ఇంట్లోవాళ్లు తిట్టడం న్యాయమే తమ్ముడూ, ముందు అది ఒప్పుకో. రెండోది, కెమెరా కొనేముందు రక్తం ఆపడం నేర్చుకో. ఎగతాళిగా అనట్లేదు. హెథరింగ్టన్ 2011 ఏప్రిల్ 20న లిబియాలో మిస్రాతా అనే ఊళ్లో మోర్టార్ ముక్క తొడ దగ్గర తగిలి, హాస్పిటల్‌కి చేరేలోపు రక్తం పోయి చనిపోయాడు, అదే దాడిలో క్రిస్ హోండ్రోస్ అనే ఇంకో ఫొటోగ్రాఫర్ కూడా పోయాడు. హెథరింగ్టన్ పక్కన గాయానికి గట్టిగా అదిమిపట్టడం తెలిసినవాళ్లు ఉంటే బతికేవాడేమో అని జంగర్‌కి అనిపించింది, అందుకే ఫ్రీలాన్సర్లకి ఊరికే ఫస్ట్ ఎయిడ్ నేర్పే సంస్థ ఒకటి పెట్టాడు. సొంత స్నేహితుడు పోతే ఆ పని చేసిన మనిషి ఆయన. మన దగ్గర రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్లు ఫస్ట్ ఎయిడ్ క్లాసులు పెడుతుంటారు, చేరు. టూర్నికే (రక్తం ఆపడానికి బిగించే పట్టీ) కట్టడం చీకట్లో, ఒంటి చేత్తో, నీ కాలికి నువ్వే కట్టుకునేదాకా ప్రాక్టీస్ చెయ్యి.

తర్వాత భాష. హిందీ బాగా రావాలి, ఇంగ్లీషు రాయగలగాలి. మేమందరం గొప్పగా చెప్పుకునే ఫారిన్ కరెస్పాండెంట్ల వెనక ఊరి మనిషి ఒకడు ఉంటాడు, దారి చూపించేదీ, తర్జుమా చేసేదీ, ముందు చచ్చేదీ అతనే, బైలైన్‌లో (వార్త రాసినవాళ్ల పేరు వేసే చోట) అతని పేరు వెయ్యమని మొదటి రోజే అడుగు, వెయ్యని ఎడిటర్ దగ్గర పని చెయ్యకు.

ఈలోపు మీ జిల్లాలోనే మాజీ సైనికులు ఎంతమంది ఉన్నారో చూడు. కార్గిల్‌లో 1999లో ఇరవైల్లో ఉన్నవాళ్లు ఇప్పుడు యాభై దగ్గర పడ్డారు, సెక్యూరిటీ గార్డులుగా, బ్యాంకు గేటు దగ్గర కూర్చుంటున్నారు. ఆగస్టు 15కి దండ వేసి బైట్ తీసుకునేవాళ్లే గానీ సాయంత్రం టీ తాగుతూ రెండు గంటలు కూర్చున్నవాళ్లు తక్కువ. వెళ్లు, ఫోన్ లోపల పెట్టి కూర్చో. రాసింది నాకు పంపు, బాగుంటే వేస్తాం, డబ్బులు మాత్రం మూడు నెలలకి వస్తాయి.