మాస్టారిని అడగండి: ‘మన పార్టీ వాళ్లుండే ఏరియా ఏది?’

ప్రశ్న: మాస్టారు గారూ, మావారికి వెలగపూడి సచివాలయానికి బదిలీ అయింది. విశాఖపట్నం నుంచి విజయవాడకు ఇల్లు మారాలి. మా మామగారు ఒక పార్టీకి వీరాభిమాని. పొద్దున పేపరు వచ్చిన దగ్గర్నుంచి రాత్రి టీవీ చర్చలు అయ్యేదాకా అదే లోకం. పక్కింట్లో ఎదుటి పార్టీ వాళ్లుంటే ఊరుకోరు. మా బంధువులేమో ‘పటమట వాళ్లది, వన్‌టౌన్ వీళ్లది, సింగ్‌నగర్ ఎర్రజెండాది’ అని తలా ఒకటి చెబుతున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. పిల్లలిద్దరు. అద్దె ఇరవై వేలు దాటకూడదు. ఎక్కడ ఉండమంటారు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ బంధువులు చెప్పింది గాలివార్త కాదు. కాకపోతే ఎవరికి వాళ్లు తాము ఈ ఊరు వదిలి వెళ్లిన నాటి సంగతి చెబుతున్నారు. నేను హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. సర్వీసులో ఉన్నన్నాళ్లూ జనాభా లెక్కలకీ, ఓటర్ల జాబితాకీ గుమ్మం గుమ్మం తిరిగాను. ఒకే డాబాలో కింద తండ్రి ఎర్రజెండా, పైన కొడుకు పసుపు జెండా, పెరట్లో రేకుల షెడ్డులో అద్దెకున్నవాళ్లు ఫ్యాను గుర్తు. మంచినీళ్ల మోటారు మాత్రం ముగ్గురికీ ఒకటే. దాని కరెంటు బిల్లు దగ్గరే గొడవ.

వన్‌టౌన్ ఉన్న పశ్చిమ నియోజకవర్గం చూడండి. 2004లో సీపీఐ గెలిచింది. 2009లో ప్రజారాజ్యం. 2014లో, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్. 2024లో బీజేపీ. పొత్తుల లెక్క ఉందనుకోండి, అయినా ఎర్రజెండా నుంచి కమలం దాకా రావడానికి ఇరవై ఏళ్లే పట్టింది. అదే కాళేశ్వరరావు మార్కెట్, అవే కొండమెట్లు, చాలావరకు అవే కుటుంబాలు. సింగ్‌నగర్ ఉన్న సెంట్రల్ సంగతి ఇంకా తమాషా. 2009లో కాంగ్రెస్, 2014లో తెలుగుదేశం, 2019లో వైసీపీ, 2024లో మళ్లీ తెలుగుదేశం. 2019లో అక్కడి మెజారిటీ ఎంతో తెలుసా? 25 ఓట్లు. ఒక్క అపార్ట్‌మెంట్ వాళ్లు ఆ రోజు తిరుపతి వెళ్లి ఉంటే ఎమ్మెల్యే మారిపోయేవాడు. అలాంటి చోట ‘ఇది ఫలానా పార్టీ ఏరియా’ అని ఎలా రాసివ్వను?

పటమట, కృష్ణలంక ఉన్న తూర్పులో మాత్రం 2014 నుంచి వరసగా మూడుసార్లు తెలుగుదేశం తరఫున గద్దె రామ్మోహన్ గారే గెలిచారు. అదీ రాతిమీద గీత కాదు. 2009లో ఇక్కడ గెలిచింది ప్రజారాజ్యం. ఇక కార్పొరేషన్‌లో 2021లో 64 డివిజన్లకు 49 వైసీపీకి వచ్చాయి, 14 తెలుగుదేశానికి, ఒకటి సీపీఎంకి. మూడేళ్లు తిరిగేసరికి ఊళ్లోని మూడు అసెంబ్లీ సీట్లూ అవతలి కూటమి ఎత్తుకుపోయింది.

మరి ‘ఫలానా పేట ఫలానావాళ్లది’ అనే మాట ఎక్కణ్ణుంచి పుట్టింది? ఇళ్ల స్థలాల పట్టాల నుంచి. సీపీఐ నాయకుడి పేరున భూపేష్ గుప్తా నగర్, తారకరామనగర్, రాజీవ్ నగర్, కేంద్రం ఇళ్ల పథకం పేరున వాంబే కాలనీ, జక్కంపూడి దగ్గర వైఎస్సార్ కాలనీ. జాగా కోసం ఎవరు కొట్లాడారో, కాగితం ఎవరి చేతి మీదుగా వచ్చిందో పేరే చెబుతుంది. ఇల్లిచ్చిన చేతికి మొదటి తరం ఓటేస్తుంది. రెండో తరం డ్రైనేజీ సంగతి అడుగుతుంది. మూడో తరం హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంటుంది.

కృష్ణలంక మాట చెప్పాలి. నది పొంగిందంటే రాణిగారితోట వాళ్లు సామాన్లు మూటగట్టుకుని రోడ్డెక్కడం ఒకప్పుడు మామూలే. అక్కడి రిటైనింగ్ వాల్ కొంత భాగం తెలుగుదేశం హయాంలో, మిగతాది వైసీపీ హయాంలో కట్టారు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు ఆ గోడే అడ్డం నిలిచింది. గోడ మాదంటే మాదని రెండు పార్టీలూ ఇప్పటికీ కొట్టుకుంటాయి. వెనకాల కాపురముంటున్నవాళ్లు ఇద్దరి మాటకూ తలూపి నిద్రపోతున్నారు. మీ మామగారికి ఈ గోడ ఒక్కటి చాలు, నెల రోజులు వాదించుకోవచ్చు.

ఇక అద్దె ఇల్లు వెతికేటప్పుడు మిమ్మల్ని పార్టీ ఎవరూ అడగరు. ఇంటిపేరు అడుగుతారు. దాంతో తేలకపోతే ‘మీరేవుట్లు?’ అంటారు, కులమేదని. ఆ తర్వాత ‘వెజ్జా, నాన్‌వెజ్జా?’ నేనుండే సత్యనారాయణపురంలో కూడా ఇదే తంతు. సిగ్గుపడాల్సిన సంగతే కానీ దాచి లాభం లేదు. అలా అడిగిన ఇంటికి అడ్వాన్సు ఇవ్వకండి. ఇవాళ కులం అడిగినవాడు రేపు మీ ఇంటికొచ్చే చుట్టాల లెక్క అడుగుతాడు.

మీవారి ఆఫీసు వెలగపూడిలో కాబట్టి నదికి ఏ పక్కన ఉంటారనేది ముందు తేల్చుకోండి. పటమటలో రోడ్లు, కాలేజీలు, ఆసుపత్రులు అన్నీ దగ్గర. కానీ ఆయన రోజూ బందరు రోడ్డో, బెంజి సర్కిలో దాటి, ఆ పైన బ్యారేజీ మీదికి రావాలి. మీ ఇరవై వేలకు అక్కడ దొరికేది కూడా చిన్నదే. కానూరు, పోరంకిల్లో ఒక గది ఎక్కువొస్తుంది. అయితే నిన్నమొన్నటిదాకా పంచాయతీలు అవి. తాడిగడప మున్సిపాలిటీ అయినా పంచాయతీ వాసన పోలేదు. మురుగు ఎటు పోతోందో, తాగునీళ్లు కుళాయివో ట్యాంకరువో అడిగి తెలుసుకోండి. భవానీపురం, విద్యాధరపురం వైపు నాకిష్టం. గాలి బాగుంటుంది, 2020లో కనకదుర్గ ఫ్లైఓవర్ వచ్చాక దారీ సుఖమైంది. ఒక్క దసరా తొమ్మిది రోజులూ మాత్రం బండి బయటికి తీయలేరు. మూలా నక్షత్రం నాడైతే పాల ప్యాకెట్టుకి కూడా నడిచే వెళ్లాలి.

నన్నడిగితే నదికి వెలగపూడి పక్కనే ఉన్న తాడేపల్లి వైపు చూడండి. బ్యారేజీ బెడద ఉండదు, మంగళగిరి ఎయిమ్స్ దగ్గర. రాజకీయం అంటారా, జగన్ గారి ఇల్లు తాడేపల్లిలోనే. చంద్రబాబు గారు ఎన్నో ఏళ్లుగా ఉంటున్నది ఆ పక్కనే ఉండవల్లి కరకట్ట మీద. రెండూ ఒకే మంగళగిరి నియోజకవర్గంలో ఉన్నాయి. అక్కడ 2019లో లోకేష్ గారు 5,337 ఓట్లతో ఓడిపోయి, 2024లో 91,413 ఓట్ల మెజారిటీతో గెలిచారు. మీ మామగారు ఏ పార్టీ అయినా సరే, సాయంత్రం వాకింగ్‌లో తోడు దొరుకుతుంది, పోట్లాటకీ మనిషి దొరుకుతాడు.

ఆయనకు ఇంకో పని చెబుతాను. ప్రతి ఎన్నిక తర్వాతా ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికెన్ని ఓట్లొచ్చాయో ‘ఫారం 20’ అనే పట్టికలో పెడతారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఉంటుంది. మీరు చూసిన ఇల్లు ఏ బూత్ కిందికి వస్తుందో కనుక్కుని ఆయన చేతిలో పెట్టండి. ఆయన ఆ లెక్కలు వేసేలోపు మీరు కుళాయి తిప్పి నీళ్లు చూసుకోవచ్చు.

ప్రశ్న: విజయవాడ పాయకాపురంలో పాత ఇల్లు చవగ్గా వస్తోంది. 2024 లాంటి వరద మళ్లీ రాదని బ్రోకరు హామీ ఇస్తున్నాడు. కొనమంటారా?
– ఒక పాఠకుడు, నూజివీడు

జవాబు: నాయనా, బుడమేరు తరఫున హామీ ఇచ్చే బ్రోకరు ఇంకా పుట్టలేదు. అది మైలవరం వైపు కొండల నుంచి దిగి కొల్లేరుకు పోయే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు పెట్టి, వరదను మళ్లింపు కాలువలోకి తిప్పి కృష్ణలో కలుపుతారు. కృష్ణే నిండుగా ఉంటే ఆ నీళ్లు కలవవు. 2024లో కాలువ గట్టు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక మునిగాయి. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దిగితే అవతల పడవలే. 2005లోనూ బుడమేరు ఈ వైపు ముంచింది. గట్లు బాగుచేశారు, నిజమే. వాగు దారి మాత్రం మారలేదు.

కొనొద్దని అనను. అక్కడివాళ్లు బురద కడుక్కుని మళ్లీ కాపురాలు చేస్తున్నారు. ఆటోనగర్‌కు, రైల్వే స్టేషన్‌కు పనికెళ్లే మనిషికి ఆ ధరలో ఇల్లు ఇంకెక్కడొస్తుంది? చూడ్డానికి మాత్రం బ్రోకరు లేకుండా, వానాకాలంలో వెళ్లండి. గోడకు కొత్త రంగు ఉంటే బీరువా వెనక భాగం, తలుపు చెక్కలు చూడండి. నీళ్లు నిలిచిన ఎత్తున చెక్క ఉబ్బి, పొరలు లేచి ఉంటుంది. గేటుకి కింది సగమే తుప్పు పట్టిందా? స్విచ్ బోర్డులు, కరెంటు మీటరు కొత్తగా పైకి జరిపారా? ఎదురింటావిడను ‘నీళ్లెంతదాకా వచ్చాయమ్మా?’ అని అడగండి, చేత్తో చూపిస్తుంది. ఆ చెయ్యి మీ నడుం దాటితే, పైన ఒక గది వేసుకోవడానికి అయ్యే ఖర్చు తీసేసి బేరం మొదలుపెట్టండి. మెట్లు లోపల్నుంచి ఉండాలి.

ప్రశ్న: మా ఓనరుది ఎదుటి పార్టీ. ఎన్నికలప్పుడు మా బాల్కనీకి మా పార్టీ జెండా కట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, గుణదల

జవాబు: ఇంటి యజమాని ఒప్పుకోకుండా ప్రైవేటు భవనం మీద జెండాలు, పోస్టర్లు పెట్టకూడదని ఎన్నికల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది. అడగండి. ఒప్పుకుంటే మంచి ఓనరు. లేదంటే బండికి కట్టుకోండి, దానికీ నిబంధనలున్నాయి, చూసుకోండి. అంతకంటే ముందు మీ ఓటు పాత అడ్రసులోనే ఉండిపోయిందేమో చూడండి. ఇల్లు మారినవాళ్లు ఫారం 8 ఇస్తే ఓటు కొత్త చోటికి మారుస్తారు. జెండా కోసం కొట్లాడి, పోలింగ్ రోజున జాబితాలో పేరు లేక వెనక్కి వెళ్లినవాళ్లను డ్యూటీలో చాలామందిని చూశాను.