హెల్లెస్‌కీ పిల్స్‌నర్‌కీ తేడా ఏమిటి? నేను కాచిన హెల్లెస్‌కి మొక్కజొన్న వాసన ఎందుకొచ్చింది?

మీరు రెండు విషయాలు అడిగారు. మ్యూనిక్ హెల్లెస్‌ను జర్మన్ పిల్స్ నుంచి ఎలా వేరుగా గుర్తుపట్టాలన్నది ఒకటి. అమెరికాలో మీ ఇంట్లో కాచిన 20 లీటర్ల బీరుకి ఉడికిన మొక్కజొన్న కండె వాసన ఎందుకు పట్టిందన్నది రెండోది. (ఆంధ్ర, తెలంగాణల్లో ఇది చదివేవాళ్లు గుర్తుంచుకోండి, లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం.)

రంగు చూసి వీటిని విడదీయలేరు. రెండూ లేత పసుపు లాగర్లే (చల్లగా, నెమ్మదిగా పులియబెట్టే బీర్లు), రెండిట్లోనూ ఆల్కహాల్ 5 శాతం దరిదాపుల్లోనే. తేడా అంతా చేదులో ఉంది. పిల్స్‌లో చేదు 22 నుంచి 40 ఐబీయూ (బీరు చేదుకి కొలత) దాకా పోతుంది, గుటక దిగాక కూడా నాలుక మీద పొడిగా నిలుస్తుంది. హెల్లెస్‌లో 16 నుంచి 22 మధ్యే. అక్కడ హాప్స్ (చేదునిచ్చే పూలు) పని మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తీపి వెగటు కాకుండా చూడటం వరకే. తాగుతుంటే తాజా రొట్టె వాసన, ధాన్యపు మెత్తదనం ముందు తెలియాలి, చివర్లో మాత్రం నోరు శుభ్రంగా ఉండాలి. హెల్లెస్ అంటే తియ్యటి బీరు అనుకోవడం పొరపాటు. పులియడం పూర్తయ్యేసరికి గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే బీరు ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత) 1.008–1.011కి దిగాలి. 1.014 దగ్గర ఆగిపోతే రెండో గ్లాసు తాగబుద్ధి కాదు.

ఈ బీరు మ్యూనిక్‌లో ఎందుకంత ఆలస్యంగా పుట్టిందో తెలిస్తే దీన్ని కాయడం సులువవుతుంది. బవేరియా వాడైన యోసెఫ్ గ్రోల్ 1842లోనే ప్ల్జెన్‌లో (ఇప్పటి చెక్ దేశంలోని ఊరు) లేత రంగు లాగర్ తీశాడు, ఎందుకంటే అక్కడి నీళ్లు చాలా మెత్తనివి. మ్యూనిక్ నీళ్లలో కార్బొనేట్లు ఎక్కువ. ముదురుగా వేయించిన మాల్ట్‌లోని పులుపు ఆ కార్బొనేట్లను సరిపెట్టేస్తుంది కాబట్టి అక్కడ డుంకెల్ అనే ముదురు రంగు బీరు బాగా కుదిరింది. లేత మాల్ట్‌కి ఆ పులుపు లేదు. పీహెచ్ పైకి పోయి, పొట్టులోంచి వగరు దిగి, హాప్స్ చేదు మొరటుగా తేలుతుంది. ఆ నీళ్లను మెత్తబరచడం చేతికొచ్చాకే అక్కడ లేత బీరు సాధ్యమైంది. ష్పాటెన్ బ్రూవరీ వాళ్లు 1894 మార్చిలో తమ హెల్లెస్‌ను ముందు హాంబుర్గ్‌కి పంపి చూసి, 1895లో మ్యూనిక్‌లో అమ్మకానికి పెట్టారు.

కాబట్టి నీళ్లతోనే మొదలుపెట్టండి. ఆర్వో నీళ్లు తీసుకుని లీటరుకు 0.15 నుంచి 0.2 గ్రాముల కాల్షియం క్లోరైడ్ కలపండి. జిప్సం వద్దు, దానిలోని సల్ఫేటు చేదుకి పదును పెట్టి బీరును పిల్స్ వైపు లాగుతుంది. 20 లీటర్లకు పిల్స్‌నర్ మాల్ట్ 4 కిలోలు, మ్యూనిక్ మాల్ట్ 150 గ్రాములు, పుల్ల మాల్ట్ (పులుపెక్కించిన మాల్ట్) 80 గ్రాములు సరిపోతాయి. మొత్తంలో 1 శాతం పుల్ల మాల్ట్ పీహెచ్‌ను సుమారు 0.1 దించుతుంది. మ్యాష్‌లో, అంటే మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెట్టిన మిశ్రమంలో, పీహెచ్ 5.3–5.4 ఉండాలి. 63 డిగ్రీల సెల్సియస్ దగ్గర 40 నిమిషాలు, 72 దగ్గర 30 నిమిషాలు ఉంచి, 78కి తెచ్చి వడకట్టండి. డికాక్షన్ పద్ధతి (మ్యాష్‌లో కొంత తీసి మరిగించి మళ్లీ కలపడం) చేస్తే మాల్ట్ రుచి కొంచెం చిక్కబడుతుంది. కానీ ఇప్పటి మాల్ట్‌కి అది తప్పనిసరి కాదని నా అభిప్రాయం, ఆ శ్రమను ఈస్ట్ మీద పెట్టండి.

మీ మొక్కజొన్న వాసన మరిగించే దగ్గరే పుట్టింది. లేతగా ఆరబెట్టిన పిల్స్‌నర్ మాల్ట్‌లో ఎస్సెమ్మెమ్ అనే పదార్థం మిగిలి ఉంటుంది. వేడికి అది డైమిథైల్ సల్ఫైడ్‌గా మారుతుంది, మీకు తగిలిన వాసన దానిదే. మరుగుతున్నప్పుడు అది ఆవిరితో ఎగిరిపోవాలి. మీరేమో మూత సగం వేసి 60 నిమిషాలే మరిగించానని రాశారు. మూతకి పట్టిన ఆవిరి చుక్కలై మళ్లీ గిన్నెలోకే పడుతుంది. పూర్తిగా మూత తీసి, తెర్లుతూ ఉండేలా 90 నిమిషాలు మరిగించండి. మంట ఆపాక కూడా వోర్ట్ (ఇంకా పులియని మాల్ట్ రసం) వేడిగా ఉన్నంతసేపూ ఆ వాసన పుడుతూనే ఉంటుంది, కానీ బయటికి పోయే దారి ఉండదు. అందుకే రాత్రంతా దానంతటదే చల్లారనివ్వకుండా, కాయిల్ చిల్లర్‌తో (చల్లనీళ్లు పారే లోహపు గొట్టం చుట్టతో) అరగంటలోపు దించేయండి. పులిపేటప్పుడు అడవి బ్యాక్టీరియా చేరినా ఇలాంటి వాసనే వస్తుంది. పులుపు కూడా తగిలితే శుభ్రత చూసుకోండి.

హాప్స్ విషయం చిన్నదే. 4 శాతం ఆల్ఫా ఆమ్లం (చేదునిచ్చేది ఇదే) ఉన్న హాలర్టావ్ మిట్టెల్‌ఫ్రూ రకం అయితే, మరిగించడం ముగియడానికి 60 నిమిషాల ముందు 35 గ్రాములు, 10 నిమిషాల ముందు 10 గ్రాములు వేస్తే 18 ఐబీయూ దగ్గరికి వస్తుంది. మొదటి గ్రావిటీ 1.047 ఉండాలి.

ఎక్కువ మంది చెడగొట్టుకునేది ఈస్ట్ దగ్గర. 20 లీటర్లకు 11.5 గ్రాముల డబల్యూ-34/70 (లాగర్ ఈస్ట్) ప్యాకెట్ ఒక్కటి చాలదు, రెండు వేయండి. ముందు వోర్ట్‌ను 10 డిగ్రీలకు తెచ్చి, అప్పుడే ఈస్ట్ వేయండి. వెచ్చగా ఉన్నప్పుడు వేసి తర్వాత చల్లబరిస్తే పండ్ల వాసనలు పుడతాయి, అవి ఇక పోవు. 10–11 డిగ్రీల దగ్గర పులియనిచ్చి, గ్రావిటీ 1.018కి దిగగానే 15 డిగ్రీలకు పెంచి మూడు రోజులు ఉంచండి. వెన్న వాసన తెచ్చే డైఎసిటైల్‌ను ఈస్ట్ ఆ వేడిలోనే తినేస్తుంది. తినేసిందో లేదో తెలుసుకోవాలంటే రెండు గ్లాసుల్లో కొద్దికొద్దిగా బీరు తీయండి. ఒకటి మూత పెట్టి 60–65 డిగ్రీల నీళ్లలో 20 నిమిషాలు ఉంచి, చల్లార్చి, రెండూ వాసన చూడండి. వేడిచేసిన దాంట్లో వెన్న వాసన తగిలితే ఇంకో రెండు రోజులు ఆగాలి. ఇది తేలకుండా చల్లబరిస్తే ఆ వాసన సీసాలో బయటపడుతుంది.

తర్వాత 0–2 డిగ్రీల దగ్గర నాలుగు నుంచి ఆరు వారాలు. మొదట్లో కొద్దిగా గంధకం వాసన ఉంటే భయపడకండి, లాగర్ ఈస్ట్‌కి అది సహజం, చాలావరకు పోతుంది. హైదరాబాద్ మైక్రోబ్రూవరీల్లో నిజమైన హెల్లెస్ కోసం వెతికేవాళ్లు అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే: ట్యాంకులో ఎన్ని వారాలు ఉంచారు? గోధుమ బీరు రెండు మూడు వారాల్లో అమ్మకానికి సిద్ధమవుతుంది. హెల్లెస్‌కి అదే ట్యాంకు దాదాపు రెండు నెలలు ఇవ్వాలి.

నింపేటప్పుడు గాలి తగలనివ్వకండి. ఆక్సిజన్ చేరితే ముందు తేనె వాసన, తర్వాత తడిసిన అట్టపెట్టె వాసన వస్తాయి, 30 డిగ్రీల గదిలో ఉంచితే అది ఇంకా తొందరగా జరుగుతుంది. ముదురు గోధుమరంగు సీసాలే వాడండి, ఫ్రిజ్‌లోనే దాచండి. తాగేటప్పుడు 7 డిగ్రీలు బాగుంటుంది. ఐసంత చల్లగా ఉంటే, ఇంత కష్టపడి నిలబెట్టిన మాల్ట్ రుచే తెలియదు.